మనోవ్యాధిగ్రస్తులు – ఇరుగుపొరుగువారి ధర్మము

(మల్లాపూర్ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

రజతోత్సవమునాడు గ్రంథాలయమును కొనియాడుట సంప్రదాయము. నాకు ముందు మాటలాడిన పెద్దలు ఆ పనిని నాకంటె బాగుగ నెరవేర్చిరి. కార్యదర్శిగారు నన్ను భారతమునుండి ఏదేని యొక ఘట్టమును గూర్చి చెప్పుమని కోరిరి. నేను ఏ గురువునొద్దను కూర్చుండి శాస్త్రము చదివినవాడను కాను. పగలెల్ల ఊరిలెక్కలు వ్రాసి, సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లయొద్ద నిఘంటువును ముందుంచుకొని, భారత భాగవతములను కూడబలుకుకొని చదివినవాడను. అట్టి నాకు పండితుల యెదుట కావ్యవ్యాఖ్యానము చేయు సాహసము లేదు. కార్యదర్శిగారి యనుమతితో వేరొక విషయమును ఎన్నుకొంటిని. మనస్సు చెదిరినవారియెడ చుట్టుపక్కలవారు ఎట్లు మెలగవలెను, ఆ మెలకువను ప్రజలకు నేర్పుట ఎట్లు అనునది నేటి నా ప్రసంగ విషయము.

పండుగపూట ఈ దుఃఖప్రసంగమేల యని మీలో కొందరికి తోచవచ్చును. గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి గనుకనే ఈ మాట చెప్పదలచితిని. ఇరువదియైదేండ్లు నిండిన బిడ్డకు ఇంటిబరువు కొంత అప్పగించుట మన యిండ్లలో వాడుకయే కదా.

1901లో హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినప్పుడు ఈ దేశమున తెలుగు చదువుకొనుటయే యొక సాహసము. ఆ యుద్యమమునుండి పుట్టిన గ్రంథాలయములు పుస్తకములను పోగుచేసి తాళము వేసికొని కూర్చుండలేదు. రాత్రిబడులు నడిపినవి, చదువురానివారికి పత్రికలు చదివి వినిపించినవి. అనగా గ్రంథాలయము మొదటినుండియు పుస్తకములను దాచు కొట్టు కాదు, ప్రజలకు తెలియనిదానిని నేర్పు బడి. నాడు నేర్పవలసినది అక్షరము. నేడు నేర్పవలసినవానిలో ఎదుటివాని మనోవ్యథను గుర్తించు చూపు ఒకటి.

ఈ చూపు పూర్వము మనకు కొంత యుండెను. ఊరు చిన్నది. బావియొద్దకు రెండుదినములు రాని యిల్లాలిని గూర్చి మూడవదినమున ఎవరో ఒకరు విచారించెడివారు. తరువాత నాచారము, మల్లాపూరు పారిశ్రామికవాడలు పెరిగినవి. 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు మన ప్రాంతము నగరములో కలిసినది. బ్రతుకుతెరువునకై జిల్లాల నుండియు, పరరాష్ట్రముల నుండియు జనులు వచ్చి మన వీధులలో కిరాయి గదులలో కాపురమున్నారు. ఒకే గోడకు ఇరువైపులనుండు వారికి ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఆ గోడ కవతల ఒకడు నెలరోజులుగా నిద్రలేక కుములుచున్నను మనకు వినబడదు. ఇందులో ఎవరి తప్పును లేదు. కాని పోయినదానిని మరల నేర్చికొనవలసిన భారము మాత్రము మనదే.

లెక్కలవాడను గనుక మొదట ఒక లెక్క చెప్పెదను. 2015-16 సంవత్సరములలో బెంగుళూరునందలి నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపినది. పెద్దవారిలో నూటికి 10 మందికి పైగా ఏదో యొక మనోవ్యాధితో బాధపడుచున్నట్లు తేలినది. వారిలో చికిత్స అందనివారు వ్యాధినిబట్టి నూటికి 70 మొదలు 92 వరకు ఉండిరి. ఈ సభలో ఇన్నూరుమంది ఉన్నారనుకొందము. ఆ లెక్కన ఇరువదిమంది బాధితులు మన నడుమనే యుందురు. ఆ యిరువదిమందిలో వైద్యుని ముఖము చూచినవారు అయిదారుగురికంటె మించరు. తక్కినవారు నవ్వుముఖము తగిలించుకొని మన పక్కన కూర్చుండియున్నారు.

ఇట్లేల జరుగుచున్నది? వైద్యులు చాలకపోవుట ఒక కారణము. పల్లెలకు దూరము ఒక కారణము. కాని మన మల్లాపూరునకు దూరమను సాకు లేదు. ఉప్పల్‌లో మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో మారినచో ఎర్రగడ్డ చేరవచ్చును. ప్రభుత్వ మానసిక చికిత్సాలయము అచ్చటనే కలదు. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలోను మానసిక వైద్య విభాగములు కలవు. మనకు అడ్డు దూరము కాదు, ఆ పేరు. "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలె" అని మనము ఎన్ని మారులు నవ్వుకొనలేదు? కన్ను జబ్బుపడినవానిని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పంపుట పరిహాసము కాదు. మనస్సు జబ్బుపడినవానిని పంపుట మాత్రము పరిహాసమైనది. ఆ పరిహాసమును వినుచు పెరిగినవాడు తనకే ఆ యవసరము వచ్చినపుడు నోరు తెరచి చెప్పునా?

మన ప్రాచీనులు ఈ విషయమున మనకంటె తెలివిగలవారు. చరకసంహితయందు చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. మంచమునకు నాలుగు కోళ్లవంటివి ఇవి. ఇందు మూడవపాదమైన పరిచారకునికి నాలుగు గుణములు విధింపబడినవి. ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము. ఈ వరుసను గమనింపుడు. అనురాగమునకు ముందు తెలివియు, నేర్పును చెప్పబడినవి. ప్రేమ యొక్కటియే చాలునని చరకుడు అనలేదు.

నాలుగవపాదమైన రోగికి గల గుణములలో తన వ్యాధిని వైద్యునికి చక్కగ చెప్పగలుగుట ఒకటి. కాలు విరిగినవాడు కాలు చూపగలడు. మనస్సు విరిగినవాడు దేనిని చూపగలడు? చూపవలసిన సాధనమే చెడినది. అందువలన మనోవ్యాధియందు నాలుగవపాదము మొదటనే క్రుంగును. ఆ బరువు మూడవపాదముపై పడును. ఆ మూడవపాదము ఎవరు? ఇంటివారు, పొరుగువారు, తోటి పనివారు, మిత్రులు, అనగా మనమే. వైద్యుడు నెలకొకమారు కొద్ది నిమిషములు రోగిని చూచును. తక్కిన దినములన్నియు రోగి మన నడుమనే యుండును.

ఈ మూడవపాదము నేర్పులేక ఎట్లు కుంటుపడునో నాకు స్వానుభవమున తెలిసినది. ఆ కథను చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. అయినను చెప్పెదను. సంబంధించిన వ్యక్తి అనుమతి నిచ్చియున్నాడు.

నా పినతండ్రి కుమారుడొకడు నాకంటె పదేండ్లు చిన్నవాడు. ఒక కర్మాగారమున పనిచేయుచుండెను. అది మూతపడినది. రెండునెలలు వేరుపనికై తిరిగెను. పిదప తిరుగుట మానెను. స్నానము మానెను. పిల్లలు మీదికెక్కినను పలుకడాయెను. తెల్లవారుజాము రెండుగంటలకే లేచి వాకిట కూర్చుండెడివాడు. మా పినతల్లి నాయొద్దకు వచ్చి, "చదువుకున్నోనివి, జర నువ్వన్న చెప్పు కొడుకా" అని యేడ్చినది.

నేను పోతిని. నాకు తెలిసినది చదువు. గంటసేపు నీతిశతకములనుండి ధైర్యవంతుల లక్షణములు చెప్పితిని. హరిశ్చంద్రుని కష్టముల ముందు నీ కష్టమెంత యంటిని. "నీకేం తక్కువైందిరా? కాలు చెయ్యి మంచిగనే ఉన్నయి గద. మగోనివి, జర గట్టిగుండు" అంటిని. వాడు తలవంచుకొని వినెను. చివరకు, "అవునన్నా, తప్పు నాదే" అనెను. ఆ మాటను నేను నా యుపదేశపు విజయముగ భావించి సంతోషముతో ఇంటికి వచ్చితిని. వాస్తవమునకు అప్పటికే తనను తాను నిందించుకొనుచున్నవానికి నేను మరియొక సాక్ష్యము సమకూర్చి వచ్చితిని.

ఇంటివారు తమకు తోచినది చేసిరి. తాయెత్తు కట్టించిరి, దిష్టి తీయించిరి, మ్రొక్కులు మ్రొక్కిరి. దైవభక్తిని నేను ఆక్షేపింపను. దానివలన మా పినతల్లికి ధైర్యము నిలిచినది. కాని మూడునెలల కాలము గడచిపోయినది.

మా వీధి చివర చాయ దుకాణము నడుపు ముసలాయన యొకడుండెను. అక్షరము రాదు. వాడు ఆ దుకాణము ముందర బల్లమీద కూర్చుండుట మొదలిడెను. ఆ ముసలాయన ప్రతిదినము ఒక కప్పు చాయ ముందర పెట్టి, "బిడ్డా, తిన్నవా?" అని మాత్రము అడిగెడివాడు. ఉత్తరము వచ్చినను రాకున్నను అంతకుమించి యడిగెడివాడు కాడు. పది పదునైదు దినములిట్లు గడచినవి. ఒకనాడు దుకాణము కట్టివేయువేళ పక్కన కూర్చుండి, మెల్లగా, "బిడ్డా, నన్ను తప్పుగ అనుకోకు. పానం తీసుకోవాలని గిట్ల అనిపిస్తున్నదా?" అని యడిగెను. వాడు మూడునెలలలో మొదటిసారి వెక్కివెక్కి యేడ్చెను. ఉన్నదంతయు చెప్పివేసెను. ఆ ముసలాయన నీతులు చెప్పలేదు, భయపడి అరవలేదు. "మంచిగ చెప్పినవు. ఇయ్యాల నిన్ను ఒక్కణ్ణి పోనియ్య" అని వానితో మా యింటికి వచ్చి, ఆ రాత్రి మమ్ము మేలుకొని యుండుమని చెప్పి, మరునాడు దుకాణము తెరువక ఆసుపత్రికి వెంట పోయెను.

మందులు పనిచేయుటకు కొన్నివారములు పట్టెను. తరువాత ఒకదినమున వాడు పిల్లల జడలు తానే వేసెను. ఆ వార్త మా యిండ్లలో పెండ్లివార్తవలె ప్రాకినది. నేడు వాడు పనిచేసికొని బ్రతుకుచున్నాడు.

నేను ఆ ముసలాయనను ఒకనాడు అడిగితిని: "ఇంత నేర్పు నీకెక్కడిది?" ఆయన గ్లాసులు కడుగుచునే, "నా పెద్దకొడుకును అడగలేదు సారూ" అనెను. అంతకుమించి చెప్పలేదు. నేనును అడుగలేదు.

మహాజనులారా! నా ప్రసంగమున సారమంతయు ఈ వాక్యముననే యున్నది. ఆ ముసలాయన కన్నకొడుకును వెలగా చెల్లించి నేర్చిన పాఠమది. మనలో ప్రతివాడును అంత వెల చెల్లించి నేర్వవలసినదేనా? నేర్పువారుండి, నేర్చు చోటుండి, నేర్వక పోగొట్టుకొనుట ఎంత యవివేకము!

ఆ సంగతి జరిగిన పిమ్మట నేను మరల భారతము తెరచి చూచితిని. చిరకాలము చదివినను నాకు కనబడనిది అప్పుడు కనబడినది. కురుక్షేత్రమున అర్జునునకు నోరెండినది, ఒడలు వణకినది, గాండీవము జారినది. గీత మొదటి యధ్యాయపు చివరిభాగమంతయు అర్జునుడు చెప్పుకొనుటయే. కృష్ణుడు రథము నిలిపి కౌరవులను చూడుమను నొక్క పలుకు తప్ప మరి మాటలాడలేదు. రెండవ యధ్యాయమున మొదట, పిరికితనము విడిచి లెమ్మని మందలించెను. నేను నా తమ్మునితో చెప్పినదియు అదియే! ఫలించినదా? లేదు. అర్జునుడు ఇంకను తన దుఃఖమును చెప్పి, యుద్ధము చేయనని మౌనము వహించెను. ఆతడు తన మనస్సునందలిదంతయు వెడలగ్రక్కి, దారి చూపుమని తానే వేడిన పిమ్మట గాని అసలైన బోధ మొదలుకాలేదు. సాక్షాత్తు భగవంతుని మందలింపే పనిచేయనిచోట మన మందలింపు పనిచేయునా?

తిక్కనగారి విరాటపర్వమున ఉత్తరకుమారుడు కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తెను. చూచినవారు నవ్విరి. బృహన్నల వెంటబడి పట్టుకొని, ఊరడించి, "నీవు యుద్ధము చేయనక్కరలేదు, రథము తోలుము, నేనున్నాను" అను భావముతో మాటలాడెను. భయపడినవానికి చేయగల చిన్నపనిని అప్పగించి తాను పక్కన నిలుచుట యెట్లో ఆ ఘట్టము నేర్పుచున్నది. ఇవి మన కావ్యములలో నున్నవే. చదివినవాడనైన నాకు పనికిరాలేదు. చదువనివానికి బ్రతుకు నేర్పినది. కావున చదువు వేరు, శిక్షణ వేరు. ఈతపుస్తకము చదివినంత మాత్రమున చెరువు దాటలేము.

అట్టి శిక్షణ సాధ్యమా యని మీరు అడుగవచ్చును. సాధ్యమని లోకమున పలుచోట్ల ఋజువైనది. 2000 సంవత్సరమున ఆస్ట్రేలియాదేశమున బెట్టీ కిచెనర్, ఆంథొనీ జోర్మ్ అను దంపతులు మానసిక ప్రథమచికిత్స యను శిక్షణను మొదలిడిరి. గాయమునకు కట్టుకట్టుట సామాన్యులకు నేర్పునట్లే, మనోవ్యథలో నున్నవానితో మాటలాడి వైద్యునివద్దకు చేర్చుట నేర్పునట్టి పాఠమిది. అది పలుదేశములకు ప్రాకినది. ఆఫ్రికా ఖండమునందలి జింబాబ్వేలో డిక్సన్ చిబాండా యను వైద్యుడు 2006లో 14 మంది అవ్వలకు శిక్షణ నిచ్చి, ఆరోగ్యకేంద్రముల ఆవరణలో బల్లలపై కూర్చుండబెట్టెను. దుఃఖితులు వచ్చి ఆ అవ్వల ప్రక్కన కూర్చుండి చెప్పుకొందురు. 2016లో వెలువడిన పరిశోధనయందు ఆ బల్లపై కూర్చుండినవారి దిగులు, సాధారణ చికిత్స మాత్రము పొందినవారి కంటె తగ్గినట్లు తేలినది.

మన తెలుగునేలమీదనే యొక యుదాహరణము కలదు. అప్పటి పశ్చిమగోదావరి జిల్లాలో 42 గ్రామములందు జార్జ్ ఇన్స్టిట్యూట్ సంస్థవారు 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అను ప్రయత్నము చేసిరి. ఆశా కార్యకర్తలకు ప్రశ్నలడుగు పద్ధతి నేర్పిరి. లోకనిందను పోగొట్టుటకై గ్రామములలో ప్రచారము చేసిరి. ఆ గ్రామములలో 30 గిరిజన గ్రామములు. అచ్చట 21 మంది ఆశా కార్యకర్తలు 5,007 మందిని విచారింపగా 238 మందికి వైద్యసహాయము కావలెనని తేలినది. అంతకుముందు వైద్యమునకు పోయినవారు నూటికి ఒక్కరైనను లేరు. ఆ ప్రయత్నము పిమ్మట 238 మందిలో 30 మంది వైద్యుని కలిసిరి.

ఈ లెక్కను నేను రెండువిధముల చదివితిని. సున్నవంటి స్థితినుండి నూటికి పన్నెండుగురు కదలివచ్చుట గొప్పయే. కాని తక్కిన 208 మంది గడపదాటలేదు. జబ్బు గుర్తించి, పోవలసిన చోటు చెప్పినను వారు పోలేదు. వెంటవచ్చి తోడునిలుచు మనిషి కావలెనని నా కిందు తోచినది. మా ముసలాయన దుకాణము కట్టివేసి వెంటనడచినట్లు ఒకడు నడువవలెను. తరువాత ఈ పద్ధతిని ఆంధ్రప్రదేశ్, హర్యానా రాష్ట్రములలో 44 ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల పరిధిలో ఇంకను విస్తరించి పరీక్షించిరి. బాధితుల దిగులు తగ్గినట్లు 2024లో ఫలితములు వెలువడినవి.

ఇక మనము నేర్వవలసినదేమి? విన్నదానిని, కన్నదానిని బట్టి సులభముగ చెప్పెదను.

మొదటిది గుర్తించుట. రెండువారములకు మించి నిద్ర, ఆకలి చెడి, ఇష్టమైన పనులయందు సైతము మనస్సు నిలువక, మనుష్యులకు దూరముగ నుండువానిని గమనింపవలెను. బాలింతలు కొన్నిదినములు ఊరక కంటతడి పెట్టుట సహజము. రెండువారములు దాటినను తగ్గకున్నచో వైద్యునికి చూపవలెను. ముసలివారియందు, పరీక్షలు తప్పిన పిల్లలయందు, అప్పులలో మునిగినవారియందు, త్రాగుడు హెచ్చినవారియందు ప్రత్యేకముగ కన్నువేసి యుండవలెను.

రెండవది వినుట. ఏకాంతమున కూర్చుండి, "కొన్నిరోజులనుండి నీవు మునుపటివలె లేవు, ఏమైనది?" అని యడిగి, పిదప ఊరకుండవలెను. ఊరకుండుటయే అన్నిటికంటె కష్టము. మనకు ఎదుటివాడు రెండుమాటలు చెప్పగానే మూడవమాట మనదై పోవును. "గట్టిగుండు", "నీకంటె కష్టపడువారు లేరా" అను మాటలు విడువవలెను. చెవిలో మాటలు వినబడుచున్నవని, ఎవరో వెంటాడుచున్నారని చెప్పువానితో అది అబద్ధమని వాదింపరాదు, నిజమని తలయూపనురాదు. "నీకెంత భయముగ నున్నదో తెలియుచున్నది" అని భయమునకు మాత్రము బదులీయవలెను.

మూడవది అడుగుట. ప్రాణము తీసికొనవలెనను తలంపు కలదేమో సూటిగ అడుగవలెను. అడిగినచో లేనితలంపు పుట్టునని మనకొక భయము కలదు. అది అపోహ. అడుగుటవలన ఆ తలంపు పుట్టదు. లోపల నున్న బరువు దింపుకొనుటకు దారి దొరకును. కలదని చెప్పినచో వానిని ఒంటరిగ విడువరాదు. ప్రమాదకరమైన వస్తువులను దూరముంచవలెను. ఆ దినముననే వైద్యసహాయము పొందవలెను.

నాలుగవది దారి చూపి వెంట నడచుట. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన టెలీ మానస్ అను టెలిఫోను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును. మన జంటనగరములలో రోష్నీ యను సంస్థయు దుఃఖితుల మాట వినుటకై పనిచేయుచున్నది. ఇవి తెలిసియుండుట చాలదు. చీటీ వ్రాయించుట, వరుసలో తోడుండుట, మందులు రెండుమూడు వారములలో గుణమీయలేదని ఆపకుండ చూచుట, గుణము కనబడగానే తమంతట తాము మానకుండ చూచుట మూడవపాదము పనియే.

అయిదవది బాగైన పిమ్మట చోటిచ్చుట. నా తమ్ముడు కోలుకొన్న తరువాత కొన్నాళ్లవరకు మా బంధువులు శుభకార్యములకు వానిని పిలుచుటకు వెనుకాడిరి. వాడు మందులకంటె ఆ పిలుపు కొరకు ఎక్కువ ఎదురుచూచెను. జ్వరము తగ్గినవానిని జ్వరగాడని జీవితాంతము పిలువము. మనోవ్యాధి తగ్గినవానికి మాత్రము ఆ పేరు వదలదు. ఆ 'పిచ్చి' యను మాటను మన నాలుకలనుండి తొలగించుట ఖర్చులేని చికిత్స.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. శిక్షణ పొందినవాడు వైద్యుడు కాడు. మందు చెప్పరాదు, జబ్బుకు పేరు పెట్టరాదు, విన్న రహస్యమును వీధిలో వెదజల్లరాదు. తాను అలసినపుడు మరియొకరికి అప్పగింపవలెను. వైద్యులను, ఆసుపత్రులను పెంచవలసిన బాధ్యత ప్రభుత్వముది. పొరుగువాని మంచితనము ఆ బాకీకి చెల్లుచీటీ కాజాలదు.

చట్టమును గూర్చి రెండుమాటలు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడునందలి ఏర్వాడిలో, దర్గాసమీపమున ఒక పాకలో సంకెళ్లతో కట్టబడియున్న మనోరోగులలో 28 మంది అగ్నిప్రమాదమున మరణించిరి. పరుగెత్తవలెనని వారికి తెలియకపోలేదు, కాళ్లకు గొలుసులుండినవి. వారిని అచ్చట విడిచినవారందరు క్రూరులు కారు. వేరుదారి తెలియని తల్లిదండ్రులు, అన్నదమ్ములు. ఆ పిమ్మట 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చేయబడి, 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. మనోరోగిని ఏ రూపమునను గొలుసులతో బంధింపరాదని ఆ చట్టము శాసించినది. ఆత్మహత్యకు యత్నించినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నవానిగ భావింపవలెనని, చికిత్స, సంరక్షణ కల్పింపవలెనని చెప్పినది. దిక్కులేక వీధులలో తిరుగు మనోరోగిని పోలీసువారు రక్షణలోనికి తీసికొని 24 గంటలలోగా ప్రభుత్వ ఆరోగ్యసంస్థకు చేర్చవలెను. కావున మన మౌలాలి రైల్వేస్టేషనువద్దనో, ఉప్పల్ చౌరస్తావద్దనో అట్టివారు కనబడినచో రాళ్లు విసరు పిల్లలను వారించి, పోలీసులకు తెలుపుట మన విధి.

తుదకు నా మనవి. ఈ గ్రంథాలయము మూడు చిన్నపనులు తలపెట్టవలెనని కోరుచున్నాను. సంవత్సరమునకు రెండుమారులు మానసిక వైద్యుని పిలిపించి ఒక దినము శిక్షణ జరిపింపవలెను. దానికి చదువరులను మాత్రమే కాక ఆశా కార్యకర్తలను, అంగన్‌వాడీ టీచర్లను, క్షౌరశాలవారిని, ఆటో నడుపువారిని, కిరాణా దుకాణదారులను, కర్మాగారముల మేస్త్రీలను పిలువవలెను. ఊరి దుఃఖము మొదట వినువారు వీరే. రెండవది, పత్రికలబల్లపై గోడకు 14416 సంఖ్యను పెద్దయక్షరములలో వ్రాయింపవలెను. మూడవది, మన వాకిట చెట్టుక్రింద ఒక బల్ల వేసి, శిక్షణ పొందినవారు ఆదివారము సాయంకాలములందు వంతులవారిగ అచ్చట కూర్చుండవలెను. ఎవరును రాకున్నను కూర్చుండవలెను. మొదటివాడు వచ్చుటకు చాలవారములు పట్టవచ్చును.

ఖర్చు లెక్కవేసితిని. ఒక బల్ల, కొంత రంగు, వైద్యునికి రానుపోను ఖర్చు. ఈ యుత్సవపు పందిరి కైనంత కాదు. ఆ బల్ల ఖర్చు నేను పెట్టుకొందును. మొదటి ఆదివారము వంతు నా తమ్ముడు తనకు కావలెనని యడిగినాడు. అతడు ఈ సభలోనే యున్నాడు.

మన పుస్తకములను మనము ఇరువదియైదేండ్లు చెదపట్టకుండ కాపాడితిమి. ఇకమీదట మనుష్యులను గూడ చూచుకొందము. ఇంతసేపు ఓపికతో వింటిరి. వినుట మీకు తెలియునని ఇప్పుడే ఋజువైనది. ఇంటికి పోవుదారిలో ఎవరినైనను "తిన్నవా?" అని యడిగి, ఉత్తరము వచ్చువరకు నిలువుడు.

సెలవు.